దీపం ఏ కొండ ఎక్కింది

ఫిబ్రవరి 9

చిరంజీవి పంతులుకి అక్క ఆశీస్సులు.

నలభై నాలుగేళ్ళవాడిని ఇంకా పంతులంటున్నానని మరదలు నవ్వుతుందేమో. నవ్వనీ. ఏడేళ్ళ వయసులో వీధిలో అందరి ఉత్తరాలూ చదివి పెట్టినవాడిని ఇంకేమంటారు? పొద్దున్నే కవరు పట్టుకుని వచ్చి "పంతులు లేచాడా?" అని అడిగేవాళ్ళు. నువ్వు పళ్ళు తోముకుంటూనే వచ్చి చదివేవాడివి. సగం ఉత్తరాలు నురగతో తడిసిపోయేవి.

ఫోను మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "అక్కా, మీటింగులో ఉన్నా" అన్నావు. నీ మీటింగు అయ్యేలోపు నేను చెప్పాల్సింది మరిచిపోతానని రాస్తున్నాను.

వంటగది తలుపు పైన పొగ అలారం ఉంది కదా, అది నిమిషానికోసారి కిచ్‌మంటోంది. మొదటిరోజు పిచ్చుక దూరిందనుకుని కిటికీ తెరిచిపెట్టి గంటసేపు కూర్చున్నాను. అది పెద్ద సంగతి కాదు. ఫ్రిజ్ వెనక ఉన్న స్విచ్ బోర్డు అసలు సంగతి. గోడకి చెయ్యి ఆనిస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంటోంది. ప్లగ్గు పెట్టే చోట తెల్ల ప్లాస్టిక్కు టీ రంగుకి తిరిగింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి దువ్వెన కాలినట్టు వాసన. ఎలక్ట్రీషియన్ని అడిగాను. ఇల్లు అద్దెది గనక ఇంటివాళ్ళు చెప్పనిదే బోర్డు విప్పనన్నాడు. "మా తమ్ముడే ఇంటాయన" అంటే, "అయితే ఇంకా సులువు కదమ్మా, ఒక్క మాట చెప్పించండి" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పు నాయనా.

పిల్లల బడిలో నాకు పసిపిల్లల గది ఇచ్చారు. రెండేళ్ళ లోపువాళ్ళు తొమ్మిదిమంది. ఒక పాప ఉంది, నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు. ఎడమ చెవే కావాలి. కుడిచెవి ఇస్తే మోసపోయినట్టు ఏడుస్తుంది.

మరదలినీ, మేనకోడలినీ అడిగానని చెప్పు. పొద్దున్న నీ పేరున దీపం పెట్టాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

నీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేది నువ్వూ, కోర్టువాళ్ళూ. నీ దగ్గర్నుంచి వచ్చిందని కవరు చించకముందే భయమేసింది. తీరా చూస్తే పిచ్చుక!

అలారం మొత్తుకుంటోందంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం, ఇల్లు కాలిపోతోందని కాదు. స్టూలెక్కి ఆ బ్యాటరీ తీసెయ్. వచ్చినప్పుడు నేను కొత్తది వేస్తాను. జాగ్రత్తగా ఎక్కు, నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు.

బోర్డు కోసం ఎలక్ట్రీషియన్ని పిలవకు. ఒక్క బోర్డు చూపిస్తే ఇల్లంతా వైర్లు మార్చాలంటాడు. ఆ వైరింగు పాతదని కొన్నప్పుడే తెలుసు. ఇంకో రెండేళ్ళు లాగుతుంది. ఫ్రిజ్జూ హీటరూ ఒకేసారి వేయకు, చాలు. గోడౌన్లో సరుకు లెక్క నడుస్తోంది, అది అయిపోగానే వచ్చి చూస్తాను.

నీ మేనకోడలు నిన్ను అడుగుతోంది. అత్త ఎప్పుడొస్తుందని కాదు, అత్త కుట్టిన సంచీ ఇంకోటి కావాలని.

నీ పంతులు


మార్చి 6

నాయనా పంతులూ,

ఫోనులో నేను ఏడుస్తుంటే, "ఏడవకక్కా, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టు. బీమావాళ్ళకి మాట పనికిరాదు, కాగితం కావాలి" అన్నావు. అందుకని రాస్తున్నాను.

మూడో తేదీన ఎప్పటిలాగే ఐదింటికి లేచాను. స్నానం చేసి దీపం పెట్టాను. నీకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది మొదలుపెట్టిన దీపమే. నూనె సీసా మూత ఉంది చూడు, దానితో ఒక మూతెడు, ఒక్క వత్తి. మూతెడు నూనె సరిగ్గా నేను జడ వేసుకుని, టీ తాగి, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కునేదాకా వస్తుంది. వెలుగుతున్న దీపాన్ని వదిలి ఏనాడూ తలుపు వేయలేదు. ఆరోజూ దీపం కొండెక్కాకే నేను గడప దాటాను. చిన్నప్పుడు నువ్వు "ఏ కొండ?" అని అమ్మని పీక్కుతినేవాడివి, గుర్తుందా?

పదకొండింటికి ఎదురింటావిడ బడికి ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి ఫైరింజను వచ్చేసింది. వంటగది మొత్తం పోయింది. ముందుగది పైకప్పు దిగజారింది. పడకగదిలో మంట లేదు కానీ దుప్పటి దగ్గర్నుంచి దిండు దాకా అన్నీ నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. మీ బావ ఫోటోకి ముఖం లేదు. వేలితో తుడిస్తే మీసం వరకూ వచ్చింది, ఆపైన భయపడి వదిలేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. అది చాలు, దేవుడి దయ.

మంట ఫ్రిజ్ వెనక నుంచే వచ్చిందని ఫైరాయన అన్నాడు. ఆ బోర్డు గురించి ఫిబ్రవరి నుంచి జరిగినదంతా వేరే రెండు పేజీలు రాసి ఇందులో పెట్టాను. బ్యాటరీ తీసింది నేనే. అదీ రాశాను. అలారం మోగి ఉంటే ఎదురింటావిడకి ముందే వినబడేదేమో. ఆ ఆలోచన నన్ను నిలవనివ్వడం లేదు.

ఇంకో సంగతి. బడిలో పెద్దటీచరు మంచిదే, వెనక ఉన్న సామాన్ల గదిలో పడుకోమని మంచం వేయించింది. కానీ ఫైరు రిపోర్టు వచ్చేదాకా పసిపిల్లల గదిలోకి వద్దంది. "మీ మీద నాకు నమ్మకం లేక కాదమ్మా. తల్లిదండ్రులు అడుగుతారు. నిప్పు దగ్గర మీ అజాగ్రత్త లేదని కాగితం వస్తే అదే రోజు లోపలికి రండి" అంది. ఇప్పుడు తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. అద్దంలోంచి ఆ పాప కనబడుతుంది. తన చెవి తనే పట్టుకుని చూస్తోంది పిచ్చితల్లి.

ఇక్కడి ఆఫీసు భాష నాకు మాట్లాడటం కొంచెం వచ్చు గానీ చదవడం రాదు. నువ్వే ఆ భాషలోకి మార్చి బీమావాళ్ళకి ఇవ్వు. నీకెలా మంచిదనిపిస్తే అలా రాసెయ్. నువ్వుండగా నాకేం భయం?

అక్క


మార్చి 12

అక్కా,

ముందు నువ్వు వేళకి తిను. ఇల్లు మళ్ళీ వస్తుంది. ఇంటి మీద బీమా ఉంది, నీ నెత్తి మీద నేనున్నాను.

కొండ గుర్తులేకపోవడమేంటి! "దీపం ఆరిపోయిందనకూడదురా, కొండెక్కిందనాలి" అని అమ్మ చెబితే, అది ఏ కొండో చూద్దామని కిటికీ ఎక్కి కిందపడి మోకాలు చెక్కుకున్నది నేనే కదా. ఆ మచ్చ ఇంకా ఉంది. కొండ మాత్రం ఇప్పటిదాకా కనబడలేదు.

నువ్వు రాసినదాన్ని ఆఫీసు భాషలోకి మార్చి టైపు చేయించాను. పెన్సిలుతో గుర్తు పెట్టినచోట సంతకం చేసి వెంటనే పంపు. నష్టం చూడటానికి బీమా సర్వేయరు వస్తే ఎక్కువ మాట్లాడకు, "అన్నీ మా తమ్ముడికి తెలుసు" అని చెప్పు. బోర్డూ, బ్యాటరీ అంటూ ఊరంతా చెప్పుకోకు. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా మోస్తారు.

ఇల్లు శుభ్రం చేసేవాళ్ళని బీమా కంపెనీయే పంపుతుంది. అన్నట్టు, మన పాత ఉత్తరాలు ఏమైనా మిగిలాయా? నేను నీకు రాసినవి?

పంతులు


మార్చి 19

పంతులూ,

సంతకం పెట్టి నిన్ననే పోస్టు చేశాను. ఏముందో నాకేం తెలుస్తుంది, నా సంతకం వంకర లేకుండా ఉందా అని మాత్రం చూసుకున్నాను.

ఉత్తరాల గురించి అడిగావు చూడు, అక్కడ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇల్లంతా పోయి ఉంటే నా తమ్ముడు మా ఉత్తరాలు మిగిలాయా అని అడిగాడు! పెద్దటీచరుకి చదివి వినిపించాను కూడా. రేకు డబ్బాలో పెట్టినవన్నీ పోయాయి నాయనా. మూత తీస్తే బూడిద పొరలు పొరలుగా ఉంది, ఒకదాని మీద నీ అక్షరాలు తెల్లగా కనబడ్డాయి, చెయ్యి తగలగానే పొడైపోయింది. బాధపడకు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఫిబ్రవరిలో పిచ్చుక గురించి నవ్వుతూ రాశావే, అది. ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను, ఆ పుస్తకం ఆరోజు నా సంచీలో ఉంది. దేవుడు నీ నవ్వుని దాచిపెట్టాడనుకున్నాను.

శుభ్రం చేసే కుర్రాళ్ళ మేస్త్రీ వచ్చాడు. మన భాషవాడే, ముప్ఫై ఐదేళ్ళుంటాయి. తనని మసిబాబు అని పిలవమన్నాడు. "సొంత పేరు పెట్టి పిలిస్తే మా ఆవిడే పలకదండీ పిన్నిగారూ, మసిగుడ్డ అంటుంది" అన్నాడు. నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చి గోడ కడగబోతే పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, నీళ్ళు తగిలిస్తే మసి గోడ తాగేస్తుంది. ఆపైన సున్నం మీద సున్నం కొట్టినా పైకి వస్తూనే ఉంటుంది. ముందు పొడి స్పాంజి. పైనుంచి కిందికి, ఒక్కసారే. మళ్ళీ అదే వైపు రుద్దకూడదు."

అలా ఒక గీత తుడిస్తే కింద అసలు గోడ కనబడింది. పసుపురంగు. మా గోడ పసుపని మరిచేపోయాను. నాలుగు గంటలు నేనూ తుడిచాను. జపం చేసినట్టుంది, మనసు కాసేపు నిమ్మళించింది.

తుడవకముందు ప్రతి గోడనీ ఫోటో తీస్తాడు. ఫ్రిజ్ ఉన్న గోడ చూపించాడు. నల్లటి మచ్చ కింద సన్నగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంది. "మంట ఎక్కడ పుట్టిందో అక్కడ మొన ఉంటుంది. చూడండి, మొన సరిగ్గా బోర్డు మీదుంది" అన్నాడు. దేవుడి అలమర ఎదురు గోడకి ఉంది కదా, అక్కడ మసి తప్ప మంట లేదు. నీ దీపం ఎత్తి చూస్తే కింద తెల్లగా గుండ్రం, పూర్ణచంద్రుడిలా. చెక్క కూడా కమల్లేదు. ఇంకేం, రిపోర్టు మంచిగా వస్తుంది, నేను మళ్ళీ పిల్లల దగ్గరికి వెళ్తాను.

అక్క


మార్చి 24

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఆ ఫిబ్రవరి ఉత్తరం నాకు పంపించు. నీకు ఉండటానికి సొంత గదే లేదు, ఎక్కడో పడిపోతుంది. నా దగ్గర భద్రంగా ఉంటుంది. రిజిస్టరు పోస్టులో పంపు. ఎవరికీ చూపించకు.

ఆ మేస్త్రీ పని తుడవడం. మంట ఎక్కడ పుట్టిందో చెప్పడం అతని పని కాదు. నువ్వు అలాంటి కబుర్లు పెట్టుకోకు.

క్లెయిము ఒప్పుకుంటారని ఏజెంటు అన్నాడు. కొత్త వంటగది, కొత్త వైరింగు, అన్నీ వస్తాయి. నువ్వే ముందు అడుగుపెడుదువుగాని.

తమ్ముడు


ఏప్రిల్ 2

పంతులూ,

ఉత్తరం కవర్లో పెట్టి, నీ అడ్రసు రాసి, మేనకోడలి పరీక్షలకి ఒక ప్రార్థన కూడా కాపీ చేసి పెడదామని ఆగాను. ఆ ఒక్కరోజు ఆలస్యంలో చాలా జరిగింది. ఎక్కడో పొరపాటు పడింది, నువ్వే విడదీసి చెప్పాలి.

బీమా కంపెనీ నుంచి నా పేరున కవరు వచ్చింది. రిపోర్టనుకున్నాను. చదవడం రాకపోయినా ఎంత సంతోషమో! నేనే చేత్తో పట్టుకుని పెద్దటీచరుకి ఇచ్చాను. "వచ్చేసిందండీ" అన్నాను. ఆవిడ చదివింది. మొదటినుంచి మళ్ళీ చదివింది. నా వైపు చూడకుండా, "నాలుగు రోజులు సెలవు తీసుకోండమ్మా" అంది. ఏముందని అడిగితే, "మీకు తెలియదా?" అంది. పసిపిల్లల గది తలుపుకి అద్దం ఉంటుందని చెప్పాను కదా, దానికి లోపలి నుంచి తెర వేసేశారు.

నిన్న సర్వేయరు ఇంటికొచ్చాడు. గోడ ఫోటోలకీ, నేను సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదానికీ పొంతన కుదరడం లేదట. మసిబాబు ఇద్దరి మధ్యా నిలబడి అటుది ఇటు, ఇటుది అటు చెప్పాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నువ్వు చెప్పిన పద్ధతిలోనే.

"అమ్మా, మంట పైకెక్కడం చూసి కూడా మీరు ఎందుకు వెళ్ళిపోయారు?" అని అడిగాడు సర్వేయరు.

"నేను చూడటమేంటండీ? నేను బడిలో ఉన్నాను."

"మీరే రాశారు కదమ్మా. కింద మీ సంతకం."

మసిబాబు కాగితం అందుకుని వేలు పెట్టి చదివాడు. "'దీపం పైకి ఎక్కిన తరువాత మాత్రమే నేను ఇల్లు విడిచి వెళ్ళాను.' ఇదీ ఉన్నది. దీపం ఎక్కడికెక్కింది పిన్నిగారూ? తెర మీదికా?"

"కొండ" అన్నాను. "కొండెక్కింది నాయనా. దీపం కొండెక్కింది."

అతను పెద్దగా నవ్వేశాడు. "ఓరి దేవుడా! మా అమ్మా ఇంతే. ఆరిపోయిందంటే మూతి మీద కొట్టేది." అని సర్వేయరు వైపు తిరిగి చెప్పబోయి, ఆగిపోయాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

సర్వేయరుకి అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆరిందనడానికి ఎక్కిందని ఎందుకంటారని అడిగాడు. ఏం చెబుతాం? ఆరడం మంచి మాట కాదు గనక. వెళ్ళిందంటే మళ్ళీ వస్తుందని ఆశ గనక. ఆయన తలూపి, "ఈ భాష తెలియనివాడెవడో మాటకి మాట పెట్టేసి ఉంటాడు" అని, పేజీ తిప్పాడు. అడుగున నా సంతకం పక్కన ఇంకో సంతకం ఉంది. పైన ఒక వాక్యం. మసిబాబు చదవనన్నాడు. నేను బలవంతపెట్టాను.

"'రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసినవాడిని. మాట పొల్లుపోకుండా అనువదించాను.'"

ఆ సంతకం నీదే. కింద తోక తిప్పుతావు కదా, ఆ తోకతో సహా.

"బోర్డు గురించి నేను రెండు పేజీలు రాశాను, అవి ఏవీ?" అని అడిగాను. మసిబాబు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. లేవు.

తొందరలో కలవలేదేమో. టైపు చేసినవాడు వదిలేశాడేమో. నువ్వు వెంటనే వాళ్ళకి ఒక ముక్క రాసి సరిచెయ్యి నాయనా. పెద్దటీచరుకి కూడా ఒక ముక్క. నాకు నిద్ర పట్టడం లేదు. నీ మీద కోపం కాదు. ఆ తెర.

అక్క


ఏప్రిల్ 8

అక్కా,

సర్వేయరుతో మాట్లాడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు క్లెయిము ఆపేశారు.

నేను మాటకి మాటే రాశాను. నువ్వన్నదే రాశాను. "ఎక్కాక" అన్నావు, "ఎక్కాక" అని రాశాను. కొండని అక్కడ పెడితే వాళ్ళకేం అర్థమవుతుంది?

సరే, దాపరికం వద్దు. పాలసీలో ఒక షరతు ఉంది. లోపం ఉందని ఇంటాయనకి ముందే తెలిసి బాగుచేయించకపోతే ఏమీ ఇవ్వరు. అలారం తీయించాడని తెలిస్తే అసలే ఇవ్వరు. అదే అద్దెకున్నవాళ్ళ అజాగ్రత్త అయితే ఇల్లు మొత్తం బాగుచేసి చేతిలో పెడతారు. నిన్ను ఎవరూ జైల్లో పెట్టరు. కాగితంలో ఒక గడిలో ఒక మాట, అంతే. ఆ ఇంట్లో మళ్ళీ ఉండబోయేది ఎవరు? నువ్వే. నీకోసమే కదా చేసింది.

"నీకెలా మంచిదనిపిస్తే అలా రాసెయ్" అని నువ్వే రాశావు. ఆ కాగితం నా దగ్గరుంది. నీకు తెలిసే సంతకం పెట్టావనుకున్నాను. చిన్నప్పుడు అద్దం నేను పగలగొడితే, నాన్న బెల్టు తీయకముందే "నేనే" అన్నావు గుర్తుందా? అక్క అంటే నాకు అదీ. ఇప్పుడు ఇంత చిన్న మాట దగ్గర నన్ను వీధిలో నిలబెడతావా? ఆ బడి కాకపోతే ఇంకో బడి. నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు.

ఆ ఫిబ్రవరి ఉత్తరం నాకు పంపు. లేదా చింపెయ్. నేను అడిగేది అదొక్కటే.

తమ్ముడు


ఏప్రిల్ 17

తమ్ముడికి,

నీ ఉత్తరం చేరి ఆరు రోజులైంది. వెంటనే రాస్తే నోరు జారుతానని ఆగాను.

ఉత్తరాలు మిగిలాయా అని నువ్వు అడిగినప్పుడు నేను ఏడ్చానని రాశాను. పెద్దటీచరుకి చదివి వినిపించానని కూడా రాశాను. అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తోంది. నువ్వు నీ అక్షరాల కోసం అడగలేదు, అవి కాలాయో లేదో తెలుసుకోవడానికి అడిగావు.

అద్దం గుర్తుంది. ఆరోజు నేనే పగలగొట్టానని చెప్పింది నేను. ఈరోజు నేనే కాల్చానని చెప్పింది నువ్వు. ఆ రెండూ ఒకటి కావు తమ్ముడూ.

ఫిబ్రవరి ఉత్తరం సర్వేయరుకి ఇచ్చాను. దానితోపాటు మళ్ళీ మొదటినుంచి నా చేత్తో రాసి, మసిబాబు చేత ఆఫీసు భాషలోకి మార్పించి ఇచ్చాను. దీపం గురించి రాయడానికి ఒక పేజీ పట్టింది. మూతెడు నూనె ఎంతసేపు వస్తుందో సర్వేయరు ఎదుట వెలిగించి చూపించాను. పంతొమ్మిది నిమిషాలు. ముగ్గురం నేల మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఆరగానే సర్వేయరు తన భాష మాట్లాడబోయి ఆగి, నన్ను చూసి, మన మాటలోనే "కొండ?" అన్నాడు. "అవునండీ" అన్నాను. పరాయివాడు పంతొమ్మిది నిమిషాల్లో నేర్చుకున్నాడు.

బ్యాటరీ తీసింది నా చెయ్యేనని అందులోనూ రాశాను. నువ్వు తీయమన్నావని మాత్రమే రాస్తే అది కూడా సగం మాటే అవుతుంది. స్టూలెక్కింది నేను. తీసి సొరుగులో వేసి, పీడ వదిలిందని తలుపు వేసుకున్నది నేను. నా తప్పు నాకుంది. నీది నేను మోయలేను, ఎందుకంటే నీ తప్పు మీద నా పేరు నువ్వే రాశావు.

పెద్దటీచరు ఆ బీమా కవర్లో వచ్చిన నా సంతకం కాగితమూ, ఈ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదివింది. బ్యాటరీ సంగతికి మాత్రం ఊరుకోలేదు. ఫైరింజనువాళ్ళు రెండు రోజులు శిక్షణ ఇస్తారు, అది పూర్తిచేసి వస్తే లోపలికి రమ్మంది. చేశాను. పొగలో నేలకి ఆనుకుని పాకడం, నూనె మంట మీద మూత బోర్లించడం, అలారం బొత్తాం నెలకోసారి నొక్కి చూడటం. యాభై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతుంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సోమవారం నుంచి పిల్లల దగ్గరికి వెళ్తున్నాను. ఆ పాప నన్ను చూసి కాసేపు బెట్టు చేసింది. తరువాత వచ్చి ఎడమ చెవి పట్టుకుంది.

నీ ఇంటికి తిరిగి రాను. బడికి దగ్గరలో ఒక గది చూసుకున్నాను. ఇంటావిడ కిటికీ గాలి గురించీ, కొళాయి గురించీ చెబుతుంటే నేను పైకప్పు చూస్తున్నాను, అలారం ఎక్కడుందా అని. నీ తాళంచెవి ఇందులో పెట్టాను. దాని సందుల్లో మసి ఉంది, ఎంత తుడిచినా పోలేదు. మీ బావ ఫోటో మసిబాబు శుభ్రం చేసి ఇచ్చాడు, ముఖం మొత్తం వచ్చింది.

మరదలి మీదా, మేనకోడలి మీదా నాకేమీ లేదు. మేనకోడలు అడిగిన సంచీ కుడుతున్నాను, వేరే పంపుతాను.

వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నువ్వే చదివి చెప్పేవాడివి. ఇది నీకే వచ్చింది, నువ్వే చదువుకో. కొత్త గదిలో దేవుడికి అలమర పెట్టుకున్నాను. నీకు టైఫాయిడ్ తగ్గిన రోజు నుంచి ఒక్కరోజూ తప్పకుండా నీ పేరున ఒక దీపం పెట్టాను. అది కొండెక్కింది.

అక్క